భుజకీర్తికి మూడో చిల్లు

1994 డిసెంబర్ 11, ఆదివారం.

హాజరైనవారు: ఇన్‌స్పెక్షన్ నుంచి నేను. అసెంబ్లీ నుంచి సీనియర్ ఫిట్టరు. క్రేన్ ఆపరేటరు. బిహార్ నుంచి వచ్చిన వెల్డరు. స్టోర్స్ గుమాస్తా (చర్చిలో ప్రార్థన ముగించుకుని పటాన్‌చెరు బస్టాండు దగ్గర ఎక్కారు). మరో ఆరుగురు. రానివారు: ఎవరూ లేరు.

నా డైరీలో ఆ పేజీ పైన ఇలాగే ఉంది. పేర్లు కూడా ఉన్నాయి కానీ ఇక్కడ రాయను. వాళ్లలో కొందరు ఇంకా రోడ్డు మీద ఎదురవుతుంటారు. చివరి మాట, అంటే ‘రానివారు: ఎవరూ లేరు’ అన్నది, ఆ రోజు నేను చాలా గర్వంగా రాసుకున్నాను. ఒక మనిషి రానని మొత్తుకున్నా వదలకుండా వ్యాన్ ఎక్కించాను మరి. ఆ గర్వం సాయంత్రానికి ఏమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరి, అన్నీ పద్ధతి ప్రకారం చేస్తే చాలనుకునే పిల్లలు ఒకసారి చదివితే మంచిది.

నేను ముప్పై రెండేళ్లు ఇన్‌స్పెక్షన్‌లో పనిచేశాను. ఇతరులు చేసిన పనిలో తప్పు వెతకడం, దొరికితే సంతోషించడం, దొరకకపోతే మళ్లీ వెతకడం. ఇదీ నా ఉద్యోగం. ఎవరింటికి భోజనానికి వెళ్లినా తలుపు చట్రం వంకర గురించి మాట్లాడి వస్తానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. నిజమే. వంకరగా ఉంటే ఏం చేయమంటారు?

మా ఫ్యాక్టరీ హైవే పక్కన, పటాన్‌చెరు దాటగానే ఉండేది. పెద్ద యంత్రాలకు కావలసిన భాగాలు చేసేవాళ్లం. తయారైన ప్రతి భాగమూ నా బల్ల మీదికి రావాలి. బాగుంటే ఆకుపచ్చ చీటీ, బాగు చేయగలిగితే పసుపు చీటీ, పనికిరాకపోతే ఎర్ర చీటీ తీగతో కట్టేవాణ్ని. మా దగ్గర ఒక కట్టుబాటు ఉండేది: చీటీ కట్టినవాడే విప్పాలి. జనరల్ మేనేజర్ వచ్చినా ముట్టుకోకూడదు. ఆ చీటీలు, చిన్న తీగచుట్ట, ఒక పెన్సిలు ఎప్పుడూ నా చొక్కా జేబులో ఉండేవి. ఆదివారాలు కూడా. పనికిరాని భాగం కనబడితే, ఎర్ర చీటీ తీస్తూ “ఇదేం భాగోతమయ్యా!” అనేవాణ్ని. అది నా ఊతపదం. ఎవరిని ఉద్దేశించీ అనేవాణ్ని కాదు. అలా అని అనుకునేవాణ్ని.

ఆ ఏడాది మా ఇన్‌స్పెక్షన్‌కూ అసెంబ్లీకీ కలిపి నాణ్యతకు బహుమతి వచ్చింది. బహుమతి అంటే ఒకరోజు విహారయాత్ర, ఒక మెటడార్ వ్యాను. ఎక్కడికి వెళ్లాలో తేల్చే బాధ్యత నాది. మంజీర డ్యామ్ దగ్గర మొసళ్లను చూద్దామన్నాడు క్రేన్ ఆపరేటరు. అతను మా సెక్షన్‌లో అందరికంటే పెద్ద నోరున్నవాడు. క్రేన్ హారన్ చెడిపోయినప్పుడు దాన్ని బాగు చేయించడానికి ఎవరూ తొందరపడేవారు కాదు. నేను మాత్రం సంగారెడ్డిలో కొత్తగా పెట్టిన మ్యూజియం పేరు రాశాను. చిందు యక్షగానం అనే నాట్యానికి సంబంధించిన కిరీటాలు, ఆభరణాలు, గజ్జెలు, వాయిద్యాలు అన్నీ ఒకచోట చేర్చి ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు పెట్టిన చిన్న మ్యూజియం అది. లెక్కప్రకారం పదిన్నరకు వెళ్లి పన్నెండున్నరకు ముగించవచ్చు. మొసళ్లు ఎప్పుడు బయటికొస్తాయో ఎవరికి తెలుసు?

“సార్, పిక్నిక్ అంటే జెర దిల్ ఖుష్ గావాలె,” అన్నాడు క్రేన్ ఆపరేటరు. “మీరేమో గాజు పెట్టెలు చూపెడ్తనంటున్రు. వారం దినాలు మీ బల్ల మీద గవే చూస్తలేమా?”

అందరూ నవ్వారు. నవ్వనిది ఫిట్టరు ఒక్కడే. పదిహేనేళ్లుగా మాతో ఉన్నాడు. లక్డారం అవతలి పల్లె నుంచి వచ్చి బీరంగూడలో కిరాయికి ఉండేవాడు. “వ్యవసాయం చేసేటోళ్లం” అని చేరిన రోజున చెప్పాడు. అంతకు మించి ఏనాడూ ఇంటి సంగతులు మాట్లాడలేదు. అతను చేసిన పనికి ఎర్ర చీటీ కట్టాల్సి వచ్చింది పదిహేనేళ్లలో నాలుగుసార్లే. తేదీలు కూడా చెప్పగలను. ఎప్పుడూ గొంతెత్తని ఆ మనిషి ఆ రోజు లేచి నిలబడి, “మొసళ్ల కాడికే పోదాం సార్. మ్యూజియం వద్దు,” అన్నాడు.

“ఎందుకు?” అన్నాను.

“ఊకెనే.”

‘ఊకెనే’ అన్నది కారణం కాదు కాబట్టి నేను ఒప్పుకోలేదు. శనివారం సాయంత్రం వచ్చి జ్వరమన్నాడు. చెయ్యి పట్టి చూశాను. జ్వరం లేదు. “నీ పేరు లిస్టులో ఎక్కింది. రేపు తొమ్మిదిన్నరకు బీరంగూడ కమాన్ దగ్గర నిలబడు,” అన్నాను. నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరో పట్టుకుపోతున్నట్టు మొహం పెట్టుకుని వ్యాన్ ఎక్కాడు.

మ్యూజియం ఒక పాత పెంకుటింట్లో ఉంది. మూడు గదులు. గడప దగ్గర చెప్పులు విడిచి, పుస్తకంలో సంతకం పెట్టి లోపలికి వెళ్లాలి. మాస్టారు సన్నగా, పొడుగ్గా, చేతిలో చూపుడు కర్రతో సిద్ధంగా ఉన్నారు. ప్రతి వస్తువు కింద అందమైన చేతిరాతతో అట్ట పెట్టారు: పేరు, దేనితో చేశారు, ఎక్కడ దొరికింది, ఎవరు చేశారు. అన్నీ ఒకే వరసలో, ఒకే సైజు అక్షరాలతో. నాకు ప్రాణం లేచొచ్చింది. మనలాంటి మనిషి ఇంకొకడున్నాడు అనుకున్నాను.

మాస్టారు చెబుతూ ఉన్నారు. కిరీటాలు, భుజకీర్తులు పొనికి కర్రతో చేస్తారు. దూదిలా తేలిక. దాని మీద రంగు కాగితం, అద్దం ముక్కలు అతికిస్తారు. మొహానికి అర్దళం అనే పసుపుపచ్చటి రంగుపొడి పూస్తారు. ఆడేవాళ్లు కుటుంబాలుగా ఊరూరూ తిరిగి, ఆటకు కావలసినవన్నీ తామే తయారు చేసుకునేవారు. మా వెల్డరుకు మాటలు సగమే అర్థమవుతున్నా అందరికంటే శ్రద్ధగా వింటున్నాడు. క్రేన్ ఆపరేటరు మొదటి గదిలో రెండుసార్లు ఆవలించాడు. రెండో గదిలో ఒక రాక్షసుడి మీసం దగ్గర నిలబడి, ఇది అచ్చం మన టైమాఫీసు సార్ మీసమేనని అందరినీ పిలిచి చూపించాడు. నేను కళ్లురిమాను. కానీ మీసం నిజంగానే అలాగే ఉంది.

మూడో గదిలో మనిషంత ఎత్తు బొమ్మకు రాజు వేషం తొడిగి, గాజు పెట్టెలో నిలబెట్టారు. రెండు భుజాల మీదా రెక్కల్లాంటి భుజకీర్తులు, ఒక్కోదాని మీద ఒక చిలుక. చిలుక కంటికి గురిగింజ. కింద అట్ట మీద ఇలా ఉంది: ‘భుజకీర్తుల జత. పొనికి కర్ర, అద్దాలు, కాగితం. చేసినవారు: తెలియదు.’

ఫిట్టరు ఆ పెట్టె ముందు నిలబడిపోయాడు. మేమంతా ముందుకు వెళ్లినా రాలేదు. నేను తలలు లెక్కపెట్టి, ఒకటి తక్కువై, వెనక్కి వచ్చాను. అతను తనలో తాను అనుకుంటున్నాడు: “ఎడమది కుడికి తొడిగిన్రు.”

తప్పు బిగింపు అన్న మాట నా చెవిన పడితే నేను ఆగగలనా? “ఎట్ల చెప్తున్నవ్?” అన్నాను.

“చిలుకలు చూడుండ్రి సార్. రెండూ లోపలికి, మెడ దిక్కు చూస్తున్నయి. గవి బయటికి చూడాలె. రాజు తిరుగుతుంటె జనం దిక్కు చూడాలె.”

“ఎదురెదురుగ ఉంటెనే అందం కద?”

“అందానికి కాదు సార్, ఆటకు చేసినయి.”

ఈలోగా అందరూ చుట్టూ చేరారు. మాస్టారు కూడా వచ్చారు. క్రేన్ ఆపరేటరు ఊరుకుంటాడా? “అన్నా, చిలుకలు ఎటు చూడాల్నో నీకెట్ల తెలుసే? నువ్వు గిట్ల భుజాల మీద పెట్టుకుని నాగలి దున్నినవా ఏంది?”

నవ్వులు. ఫిట్టరు నవ్వుల్లోంచే, గాజు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు: “గివి మా అయ్య చేసిండు.”

నవ్వులు ఆగాయి. ఇప్పుడు నేనేమన్నానో యథాతథంగా రాస్తాను. డైరీలో ఉంది. ఆ రోజు దాన్ని రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

“ఆధారమేంది?” అన్నాను.

ఇది దురుద్దేశంతో అన్న మాట కాదు. ముప్పై రెండేళ్లలో రోజుకు ఇరవైసార్లు అన్న మాట. కొలత చెప్పినవాడిని ఏ పరికరంతో కొలిచావని అడిగినట్టే అడిగాను. కానీ ఆ మనిషి తన తండ్రి గురించి చెప్పాడు, పది మంది ముందు, పదిహేనేళ్లలో మొట్టమొదటిసారి. అతను నా వైపు ఒకసారి చూసి, బయటికి వెళ్లి, చెప్పుల దగ్గర మెట్ల మీద కూర్చున్నాడు.

“సార్,” అన్నాడు క్రేన్ ఆపరేటరు, అతని పెద్ద గొంతు అంత చిన్నదవగలదని నాకప్పటిదాకా తెలియదు. “ఎవలన్న అయ్య గురించి చెప్తె, గా అయ్యకు గూడ సర్టిఫికెట్ అడుగుతరా?”

నేను బయటికి వెళ్లి ఒక మెట్టు కింద కూర్చున్నాను. చెప్పులు వరసగా సర్దాను. పదకొండు జతలూ సర్దాక అతనే మొదలుపెట్టాడు.

“వ్యవసాయమని అబద్ధం చెప్పిన సార్. మాకు గుంటెడు భూమి లేదు. ఊరూర తిరిగి ఆడేటోళ్లం. పటాన్‌చెర్ల మొదాల రూము అడిగినప్పుడు నిజమే చెప్పిన. రూము లేదన్నరు. రెండో కాడ వ్యవసాయమన్న. ఇచ్చిన్రు. ఇగ అప్పటి నుంచి గదే.”

నేను తలూపాను.

“ఫ్యాక్టరీల మీరు గూడ దినాం అంటరు గద, ఇదేం భాగోతమయ్యా అని. మా ఆటను ఊర్లల్ల చిందు భాగోతమే అంటరు. గా భాగోతం ఆడి మా అయ్య మమ్ముల సాదిండు.”

పదిహేనేళ్లు. వారానికి ఆరు రోజులు. ఎన్నిసార్లయి ఉంటుందో లెక్క వేయడం మొదలుపెట్టి, జీవితంలో మొదటిసారి ఒక లెక్కను మధ్యలో వదిలేశాను.

“నేను రావద్దనుకున్నది గిందుకే,” అన్నాడు. “మా అయ్య ఆట బంద్ చేసినంక సామానంత గోనె సంచుల ఎవలో పట్కపోయిన్రు. యాడ తేల్తయో అనుకున్న. గీడ తేలినయి. తెల్వదు అని రాసిన్రు. పోనీయుండ్రి సార్. అట్లనే ఉండనీయుండ్రి.”

“అట్లెట్ల ఉంటది?” అన్నాను. “తప్పు రాత.”

“మరి ఆధారం గావాలె గద మీకు.”

ఇది కోపంతో అన్నాడో ఎగతాళికి అన్నాడో నాకిప్పటికీ తెలియదు. రెండూ నాకు తగినవే. తర్వాత అతనే చెప్పాడు: “కుడి భుజానిదానికి మూడు చిల్లులుంటయి. తాడు కట్టనీకి రెండే గావాలె. మూడోది నేను కొట్టిన. పదిహేనేండ్లోన్ని అప్పుడు. ఇనుప చువ్వ కాల్చి, గుర్తు పెట్టుకోకుంట, జల్దీ జల్దీ ఒక బెత్తెడు అవతల కొట్టిన. మా అయ్య గా చువ్వ పట్కొని ఊరంత ఉరికిచ్చిండు. మా అవ్వ ఏం జేసింది? వెనకకెల్లి బట్ట కుట్టి చిల్లు కనవడకుంట చేసింది.”

“అయితె చూద్దాం పా,” అని లేచాను.

అతను లేవలేదు. “లేకపోతె?” అన్నాడు. “ఇరవై ఏడేండ్లయింది సార్. మనసుల ఉన్నది నిజమో కాదో. ఎవలన్న పూడ్చిన్రో ఏమో. చిల్లు లేకపోతె నా ఇజ్జత్ పాయె, మా అయ్య పేరు రాకపాయె. రెండూ పోతయి.”

అప్పుడు నాకు తట్టింది. నా బల్ల మీదికి వచ్చిన ప్రతి భాగం వెనకా ఒక మనిషి ఇలాగే నిలబడి ఉండేవాడు కదా, నేను కొలుస్తున్నంతసేపూ. నేను ఎప్పుడూ భాగాన్నే చూశాను.

“నేనున్న,” అన్నాను. ఇది పెద్ద హామీ ఏమీ కాదు. కానీ లేచాడు.

లోపల ఇంకో చిక్కు. గాజు పెట్టె తెరవాలంటే కమిటీ అనుమతి కావాలన్నారు మాస్టారు. కమిటీలో ఎవరెవరున్నారని అడిగాను. తాను, తన బావమరిది, ఊళ్లో లేని మరొకాయన. రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలన్నారు. క్రేన్ ఆపరేటరు నెత్తి కొట్టుకున్నాడు. నాకు మాత్రం ఆయన పద్ధతి ఎంతో నచ్చింది. అక్కడే కూర్చుని, తేదీ వేసి, ‘విషయం’ అని రాసి దాని కింద గీత గీసి, ‘గౌరవనీయులైన కార్యదర్శి గారికి’ అని దరఖాస్తు రాశాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి, ఒక అక్షరదోషం దిద్ది, ఫైలులో పెట్టి, అనుమతి ఇస్తున్నట్టు దాని మీదే సంతకం చేసి, తాళంచెవి తీశారు.

“ఇద్దరు దొరికిన్రు,” అన్నాడు క్రేన్ ఆపరేటరు స్టోర్స్ గుమాస్తాతో. ఆయన నవ్వాపుకోవడానికి దగ్గారు.

మాస్టారు బొమ్మ కుడి భుజం మీది భుజకీర్తిని విప్పి, రెండు చేతులతో పసిపిల్లను అందించినట్టు అందించారు. వెనక నిజంగానే పాత నీలం బట్ట, దగ్గర దగ్గర కుట్లు. కుట్టు విప్పనివ్వనన్నారు. విప్పమని ఫిట్టరు కూడా అడగలేదు. “బట్ట మీదికెల్లి బొటనవేలు పెట్టి చూడుండ్రి సార్,” అన్నాడు నాతో. “మీ వేలుకు తెలుస్తది.”

ఇది నిజం. కంటికి కనబడని గరుకు కూడా నా బొటనవేలుకు తెలిసేది. పొగడ్త కాదు, ఎన్నో ఏళ్ల అలవాటు. నేను కళ్లు మూసుకుని పైనుంచి కిందికి తడిమాను. ఒక చిల్లు. ఇంకొంచెం కింద రెండోది. ఇంకా కిందికి, పక్కకు, మళ్లీ పైకి. నునుపుగా ఉంది. మూడోది లేదు.

కళ్లు తెరిచాను. ఫిట్టరు నా మొహంలోకే చూస్తున్నాడు. మనిషి మొహం చూసి ఫలితం తెలుసుకోవడం అసెంబ్లీవాళ్లకు బాగా అలవాటు. అతని చేతులు కిందికి వాలిపోయాయి. మళ్లీ తడిమాను. రెండే. మూడోసారి తడిమాను. వేలు మండుతోంది. అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో అలా అనిపించింది ఆ ఒక్కసారే.

“సార్,” అన్నాడు క్రేన్ ఆపరేటరు. “మీరు తడిమేది ఏ భుజానిది?”

“కుడి భుజానిది.”

“ఎడమది కుడికి తొడిగిన్రని అన్న మొదట్నే మొత్తుకుంటుండె గద. మరి మీ చేతుల ఉన్నది ఎడమదైతది. కుడిది గా దిక్కున్నది, ఇంకో భుజం మీద.”

రికార్డు కోసం రాస్తున్నాను: ఇన్‌స్పెక్షన్ సెక్షన్ అధిపతి, వంకర చట్రాల నిపుణుడు, ఈ సంగతి మరిచిపోయాడు. హారన్ తప్ప ఇంకేమీ పట్టదని నేననుకున్న క్రేన్ ఆపరేటరుకు గుర్తుంది.

మాస్టారు రెండోదాన్ని విప్పి ఇచ్చారు. ఒక చిల్లు. రెండో చిల్లు. దానికి సరిగ్గా బెత్తెడు అవతల, బట్ట కింద చిన్న గుంట. నా బొటనవేలు అందులో దిగింది. అంచు కొద్దిగా ఉబ్బి ఉంది, కాల్చిన చువ్వతో చేస్తే ఉబ్బినట్టే. నేను ఫిట్టరు చెయ్యి పట్టుకుని అతని వేలు అక్కడ పెట్టాను. అతను చాలాసేపు తీయలేదు.

“ఉన్నదా?” అన్నాడు వెల్డరు, వచ్చిన కొద్ది తెలుగులో.

“ఉన్నది,” అన్నాడు ఫిట్టరు. “మా అయ్య నన్ను ఉరికిచ్చింది కరెక్టే. చిల్లు మస్తు దూరం పోయింది.”

వేల భాగాల్లో తప్పు చిల్లులు పట్టుకున్నాను. వాటిలో ఒక్కదానికీ అంతగా సంతోషించలేదు. ఆ కర్రకు రెండు చిల్లులే ఉండి ఉంటే, పని ఎంత చక్కగా చేసినా, అది ఎవరిదో ఎవరూ చెప్పగలిగేవారు కాదు.

మాస్టారు చిలుకలను బయటివైపు చూసేలా తొడిగారు. బొమ్మ ఒక్కసారిగా ఛాతీ విరుచుకున్నట్టయింది. కానీ కొత్త అట్ట రాయాలంటే కమిటీ తీర్మానం కావాలట. బావమరిది వచ్చే వారం వస్తాడట. నేను జేబులోంచి పసుపు చీటీ తీశాను. ‘వివరం సవరించవలెను. చేసినవారు:’ అని రాసి ఫిట్టరు వైపు చూశాను. అతను తండ్రి పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా, గట్టిగా, పది మందికీ వినబడేలా. మాస్టారు అభ్యంతరం చెప్పబోతే మా కట్టుబాటు వివరించాను: కట్టినవాడే విప్పాలి, నేను కొత్త అట్ట చూశాకే విప్పుతాను. ఆయన ఆలోచించి, ఇది మంచి నియమమే అన్నారు. గాజు పెట్టె గొళ్లేనికి తీగతో కట్టాను.

తిరుగు ప్రయాణం మొదలైంది. ఫిట్టరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అతని భయం నాకు అర్థమైంది. పేరు గాజు పెట్టె దగ్గర వేలాడుతోంది, సంగతి వ్యానులో ఉంది, రేపు ఫ్యాక్టరీ అంతా ఉంటుంది. కంది దాటాక వెల్డరు మా వైపు తిరిగాడు.

“మై భీ రామ్‌లీలా మే థా, సాబ్,” అన్నాడు, వాళ్ల ఊళ్లో తానూ మూడేళ్లు ఆడినవాడినేనని సిగ్గుపడుతూ. “హనుమాన్ కా తోక పట్టిన. తీన్ సాల్.”

“తోక పట్టినోనివి గూడ ఇన్నొద్దులు చెప్పలేదేంరా!” అని క్రేన్ ఆపరేటరు అరిచాడు. తర్వాత ఫిట్టరు వైపు తిరిగాడు. “అన్నా, నువ్వైతె మరీ అన్యాయం. పదిహేనేండ్లు రాజు అయి ఉండి, మా ముంగట స్పానర్ పట్కొని తిరిగినవ్. ఒక్క పద్యమన్న పాడకపోతివి.”

“నీ హారన్ బంద్ అయిన దినం పాడత,” అన్నాడు ఫిట్టరు.

అందరూ నవ్వారు. అతనూ కొద్దిగా నవ్వాడు. కానీ పటాన్‌చెరు బస్టాండు దగ్గర దిగి వెళ్తుంటే వెనక్కి తిరిగి చూడలేదు. పల్లెలో ఉన్న అవ్వ దగ్గరికి, అంటే తల్లి దగ్గరికి, వెళ్తున్నానని మాత్రం చెప్పాడు. ఇంటికి వచ్చి డైరీ తెరిచి ‘రానివారు: ఎవరూ లేరు’ అన్న వాక్యం చూసుకుని, కింద రాశాను: ‘ఊతపదం ఇక వాడరాదు.’

మర్నాడు సోమవారం. ఎనిమిది గంటల షిఫ్టు. టైమాఫీసులో మేకులకు ఇత్తడి టోకెన్లు వేలాడుతుంటాయి, వచ్చినవాడు తనది తీసుకోవాలి. ఎనిమిదీ అయిదుకు వెళ్లి చూశాను. అతని టోకెన్ మేకుకే ఉంది. పదిహేనేళ్లలో ఇలా ఎప్పుడూ జరగలేదు. ఎనిమిదీ పదిహేనుకు మళ్లీ వెళ్లాను. ఎనిమిదిన్నరకు మూడోసారి వెళ్తే, ఆ మీసాల సార్ ఏం పోయిందని అడిగారు. మీసం చూసి నవ్వొచ్చింది కానీ నవ్వలేకపోయాను.

బల్ల దగ్గరికి వచ్చేసరికి ఎవరో చేసిన బ్రాకెట్ ఉంది. ఒక చిల్లు కొలత తప్పింది. ఎర్ర చీటీ తీసి, “ఇదేం...” అని, అక్కడే ఆగిపోయాను. పైనుంచి, క్రేన్ క్యాబిన్‌లోంచి వినబడింది: “సార్ మాట మింగిండు రోయ్!”

ఎనిమిదీ నలభైకి ఫిట్టరు వచ్చాడు. చెమటతో, నిన్నటి చొక్కాతోనే. మొదటి బస్సు తప్పిపోయిందట. నా బల్ల ముందు నిలబడి గొంతు సర్దుకున్నాడు.

“సార్, ఇంకో పసుపు చీటీ గావాలె.”

“ఎందుకు?”

“రాత్రి అవ్వకు అంత చెప్పిన. అయ్య పేరు రాసిన్రు అన్న. మస్తు సంతోషపడ్తదనుకున్న. ఎవలి పేరు, మీ అయ్యదా అన్నది. అవునన్న. కర్ర చెక్కిండు మీ అయ్య. అద్దాలు అతికించిందెవలు? గురిగింజలు ఏరి తెచ్చిందెవలు? నీ చిల్లు కనవడకుంట బట్ట కుట్టిందెవలురా? నా పేరు ఏమాయె అన్నది. పొద్దుగాల దాకా గదే లొల్లి సార్. నీ పేరు గిట్ల రాయించుకున్నవా అని గూడ అడిగింది. లేదన్న. మంచిగ జేసినవ్, లేకపోతె మీ అయ్య మళ్లొచ్చి ఉరికిస్తడు అన్నది.”

నిన్న కట్టిందే నా జేబులోని చివరి పసుపు చీటీ. కొత్తవి స్టోర్స్ నుంచి తెచ్చుకోవాలి. ప్రతి చీటీకీ ఏ పని కోసమో రాసివ్వాలి. నేనే వెళ్లాను. గుమాస్తా పుస్తకం తెరిచి, కలం మూత తీసి, నియమం ప్రకారం అడిగారు: “ఏ పనికి?”

నేను నిన్నటి చీటీ గురించి, అవ్వ అడిగిన మాట గురించి చెప్పడం ముగించేలోపే ఆయన తల వంచి రాసుకున్నారు. పుస్తకం నా వైపు తిప్పి సంతకం పెట్టమన్నారు. ‘పని వివరం’ అన్న గడిలో ఆయన గుండ్రటి అక్షరాలతో ఉంది: ‘మొదటి తనిఖీలో వదిలేసిన పేరు.’

సంతకం పెట్టాను.